కాలేయ క్యాన్సర్ ముప్పు, యాంటీఆక్సిడెంట్ జన్యువుల తేడాలు

ఆక్సిజన్‌ను వాడుకుని బతికే ప్రతి కణంలోనూ ఆ వాడకం వల్లనే కొన్ని దూకుడు అణువులు పుడుతుంటాయి. వాటిని ఎప్పటికప్పుడు అణచే ఎంజైములను యాంటీఆక్సిడెంట్ ఎంజైములు అంటారు. వీటి తయారీకి ఆదేశాలు మోసే జన్యువులు మనుషులందరిలో ఒకేలా ఉండవు. ఒకరిలో ఒక్క అక్షరం మారి ఉంటుంది, మరొకరిలో జన్యువే పూర్తిగా లోపించి ఉంటుంది. ఈ తేడాలు కాలేయ క్యాన్సర్ ముప్పును ఎంత మారుస్తాయన్న ప్రశ్నపై 1990ల నుంచి చైనా, ఆఫ్రికా, ఐరోపా, భారతదేశాల్లో పరిశోధనలు సాగుతున్నాయి. అవి తేల్చిన సంగతి ఇది: తేడాల ప్రభావం నిజమే, కానీ చిన్నది. వైరస్, మద్యం, బూజు పట్టిన గింజలు, కొవ్వు పేరుకున్న కాలేయం వంటి అసలు కారణాలు ఉన్నచోటే అది బయటపడుతుంది. ఆ కారణాలను తొలగిస్తే జన్యువు ఏ రూపంలో ఉన్నా పెద్దగా చేయగలిగింది ఉండదు.

వ్యాధి స్వరూపం

కాలేయంలోనే పుట్టే క్యాన్సర్లలో నూటికి 75 నుంచి 85 వంతులు హెపటోసెల్యులర్ కార్సినోమా రకానివి. పేగులోనో రొమ్ములోనో మొదలై కాలేయానికి పాకినవి ఈ లెక్కలోకి రావు. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 8,66,000 మందిలో కొత్తగా కాలేయ క్యాన్సర్ బయటపడింది. అదే ఏడాది దీనివల్ల 7,58,000 మందికి పైగా చనిపోయారు. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండటానికి కారణం వ్యాధి ఆలస్యంగా బయటపడటమే. కాలేయంలో చాలా భాగం పాడయ్యేదాకా మనిషికి నొప్పి తెలియదు. పొట్టలో నీరు చేరడం, కామెర్లు, ఒళ్ళు చిక్కిపోవడం కనిపించేసరికి శస్త్రచికిత్సకు వీలుండే దశ తరచూ దాటిపోయి ఉంటుంది.

ఎక్కువమందిలో ఈ క్యాన్సర్ ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో పుట్టదు. ఏళ్ళ తరబడి కణాలు చస్తూ, కొత్తవి పుడుతూ, నడుమ మచ్చ కడుతూ గట్టిపడిన కాలేయంలో పుడుతుంది. ఆ గట్టిపడటమే సిర్రోసిస్. హెపటైటిస్ బి వైరస్‌కు మాత్రం సిర్రోసిస్ దాకా ఆగాల్సిన పని కూడా లేదు. అది తన డీఎన్ఏ ముక్కలను మన కణం డీఎన్ఏలోకి చొప్పించగలదు. తైవాన్‌లో 22,707 మంది పురుషులను కొన్నేళ్ళపాటు గమనించి 1981లో ప్రచురించిన అధ్యయనంలో, వైరస్‌ను మోస్తున్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు వైరస్ లేనివారికంటే 223 రెట్లు ఎక్కువని తేలింది. జన్యువుల గురించి ఇక ముందు వచ్చే ప్రతి అంకెనూ పాఠకులు ఈ 223 పక్కన పెట్టి చూడాలి.

కాలేయంలో ఆక్సిజన్ చేసే హాని

శరీరంలోకి వచ్చే మందులు, మద్యం, తిండిలోని విషాలు చాలావరకు కాలేయంలోనే విరిగిపోతాయి. ఆ పనిలో సూపర్ఆక్సైడ్ అనే అణువు పుడుతుంది. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ దీన్ని అణచే ఎంజైమును కనుగొన్నారు. దాని పేరు సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, క్లుప్తంగా ఎస్ఓడీ. ఇది సూపర్ఆక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. పెరాక్సైడ్‌ను నీరుగా మార్చే పని కాటలేజ్, గ్లుటాథియోన్ పెరాక్సిడేజ్ అనే రెండు ఎంజైములది. రెండో దానికి సెలీనియం కావాలి.

ఇలా పని రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశ చురుగ్గా నడిచి రెండోది వెనకబడితే పెరాక్సైడ్ నిలవ ఉండిపోతుంది. అక్కడ ఇనుము కూడా ఎక్కువగా ఉంటే పెరాక్సైడ్ విడిపోయి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దీన్ని అణచడానికి శరీరంలో ప్రత్యేకమైన ఎంజైము లేదు. పుట్టిన చోటే పక్కనున్న డీఎన్ఏను, కొవ్వు పొరను తాకి పాడుచేస్తుంది. డీఎన్ఏలోని గ్వానీన్ అనే అక్షరం ఆక్సీకరణం చెందితే, కణం విభజన సమయంలో దాన్ని తప్పుగా చదివి వేరే అక్షరాన్ని జతచేస్తుంది. అలా ఒక మార్పు శాశ్వతమవుతుంది. దీర్ఘకాలపు వాపులో ఇలాంటివి రోజూ జరుగుతాయి. వాటిలో ఎక్కువభాగం మరమ్మతు అవుతాయి, కొన్ని మిగిలిపోతాయి.

ఎస్ఓడీ2: చురుకైన రూపమే ప్రమాదం కావడం

ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది ఎస్ఓడీ2 జన్యువు మీద. ఆరో క్రోమోజోము మీద ఉండే ఈ జన్యువు మైటోకాండ్రియాలో పనిచేసే మాంగనీస్ రకపు ఎస్ఓడీని తయారుచేస్తుంది. ఎంజైము కణద్రవంలో తయారై, ఒక చిన్న చిరునామా తోకను పట్టుకుని మైటోకాండ్రియాలోకి చేరాలి. ఆ తోకలో 16వ స్థానంలో కొందరికి అలనీన్, కొందరికి వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. తేడా జన్యువులో ఒకే అక్షరానిది. అలనీన్ ఉన్న తోక మెలితిరిగిన ఆకారంలో సులువుగా లోపలికి దూరుతుంది. వాలీన్ ఉన్నది కొంత లోపలి పొర దగ్గరే చిక్కుకుపోతుంది. ఎలుక కాలేయపు మైటోకాండ్రియాతో ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో అలనీన్ రూపం 30 నుంచి 40 శాతం ఎక్కువ చురుకుదనం ఇచ్చింది.

యాంటీఆక్సిడెంట్ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదన్న నమ్మకం నిజమైతే, అలనీన్ ఉన్నవారికి క్యాన్సర్ తక్కువ రావాలి. పారిస్ శివారు బోండీలోని ఆసుపత్రి పరిశోధకులు మద్యం వల్ల సిర్రోసిస్ వచ్చిన రోగులను ఏళ్ళ తరబడి గమనించి 2006లో, 2009లో ప్రచురించిన ఫలితాలు దీనికి ఎదురుగా వచ్చాయి. అలనీన్ రూపం ఉన్నవారి కాలేయంలోనే ఇనుము ఎక్కువ పేరుకుంది. క్యాన్సర్ కూడా వారిలోనే ఎక్కువ వచ్చింది. దీనికి తోడు మైలోపెరాక్సిడేజ్ జన్యువు చురుకైన రూపంలో ఉన్నవారి పరిస్థితి మరింత కష్టంగా ఉంది. ఈ మైలోపెరాక్సిడేజ్ తెల్ల రక్తకణాల ఎంజైము. పెరాక్సైడ్‌ను వాడుకుని మరింత ఘాటైన ఆమ్లాన్ని తయారుచేస్తుంది. బాక్టీరియాను చంపడానికి పనికొచ్చే ఆ ఆమ్లమే వాచిన కాలేయాన్ని కాలుస్తుంది.

దీని వెనక తర్కం సరళమే. తూము పూర్తిగా ఎత్తి, కింద కాలవ పూడిక తీయకపోతే చేను మునుగుతుంది. ఎస్ఓడీ2 చురుగ్గా పనిచేసి పెరాక్సైడ్‌ను గుట్టలుగా పోస్తుంటే, మద్యంతో దెబ్బతిన్న కాలేయంలో కాటలేజ్, గ్లుటాథియోన్ పెరాక్సిడేజ్ ఆ వేగాన్ని అందుకోలేవు. ఇనుము పక్కనే ఉంటుంది. హాని కలిగించేది ఒక ఎంజైము లోపం కంటే రెండు దశల నడుమ పొంతన తప్పడమే. ఈ రంగంలో నేర్చుకోవలసిన అతి ముఖ్యమైన పాఠం ఇదేనని ఈ వ్యాస రచయిత అభిప్రాయం. ఒక్కొక్క జన్యువును విడదీసి ఇది మంచిది, అది చెడ్డదని ముద్రలు వేస్తే ఈ పాఠం చేజారిపోతుంది.

అయితే ఫ్రెంచి ఫలితాలు అంతటా నిలవలేదు. అలనీన్ రూపం మద్యపు కాలేయ వ్యాధిని తీవ్రం చేస్తుందని ఫ్రాన్సులో 2001లో ప్రకటిస్తే, మరుసటి ఏడాదే ఇంగ్లండులోని న్యూకాసిల్ బృందం తమ రోగుల్లో ఆ సంబంధం కనిపించలేదని రాసింది. హెపటైటిస్ సి రోగుల మీద వేరే దేశాల్లో చేసిన పనులు తలా ఒక దారిలో నడిచాయి. కాలేయాన్ని దెబ్బతీసే కారణం మారినప్పుడు జన్యువు పాత్ర కూడా మారుతుందనడానికి ఇది ఆధారమని కొందరు అంటారు. నమూనాలు చిన్నవి కావడమే అసలు కారణమని మరికొందరు వాదిస్తారు. రెంటిలోనూ నిజముంది.

బూజు విషం, జీఎస్‌టీ జన్యువులు

తెలుగు నేలకు ఈ విషయం దగ్గరగా వచ్చేది అఫ్లాటాక్సిన్ ద్వారా. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ బూజు వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి వంటి వాటిమీద పెరిగి ఈ విషాన్ని వదులుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయినప్పుడు, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో దీని ఆచూకీ దొరికింది.

మనుషుల మీద దీని తీవ్రత భారతదేశంలో 1974 చివరలో తెలిసింది. రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో అకాల వానలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్నవారికి కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు చేరింది. అదే తిండి తిన్న కుక్కలూ చచ్చాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ భట్ తదితరులు దర్యాప్తు చేసి 1975లో లాన్సెట్ పత్రికలో నివేదిక ప్రచురించారు. 397 మంది జబ్బుపడగా 106 మంది చనిపోయారు. ఆ గింజల్లో కిలోకు 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల దాకా విషం ఉంది. అమెరికా ఆహార ధాన్యాల్లో అనుమతించే పరిమితి కిలోకు 20 మైక్రోగ్రాములు. అంటే ఆ కుటుంబాలు తిన్నది ఆ పరిమితికి మూడు వందల రెట్లకు మించిన విషం. బూజు గింజలను పారబోసే స్థోమత లేని ఇళ్ళవి.

ఇంత మోతాదు వెంటనే చంపుతుంది. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి లోపలికి పోయే విషం క్యాన్సర్‌కు దారితీస్తుంది. కాలేయంలోని ఎంజైములు అఫ్లాటాక్సిన్‌ను విరగ్గొట్టే ప్రయత్నంలో ముందుగా దాన్ని ఎపాక్సైడ్ అనే మరింత ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తాయి. అది డీఎన్ఏలోని గ్వానీన్‌కు అతుక్కుంటుంది. క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జన్యువులో 249వ సంకేతం దగ్గర ఒక అక్షరం మారిపోతుంది. చైనాలోని చీతుంగ్, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాల కణితుల్లో ఇదే స్థానంలో ఇదే మార్పు పదేపదే కనిపిస్తోందని 1991లో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. దోషి వేలిముద్ర దొరకడం క్యాన్సర్ శాస్త్రంలో చాలా అరుదు. ఇక్కడ దొరికింది.

ఆ ఎపాక్సైడ్‌ను పట్టి బయటికి పంపవలసినవి గ్లుటాథియోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజులు, అంటే జీఎస్‌టీ కుటుంబం. చుంచెలుకల్లో ఈ కుటుంబపు ఒక ఎంజైము చాలా బలమైనది కాబట్టి వాటికి అఫ్లాటాక్సిన్‌తో క్యాన్సర్ రావడం కష్టం. పెద్ద ఎలుకల్లో అది లేనందున సులువుగా వస్తుంది. ఈ పనిలో మనుషుల ఎంజైములు బలహీనమైనవి. దానికి తోడు మనలో చాలామందికి జీఎస్‌టీఎం1 జన్యువు, కొందరికి జీఎస్‌టీటీ1 జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావు. దీన్ని శూన్య రూపం అంటారు. ఐరోపా, తూర్పు ఆసియా ప్రజల్లో దాదాపు సగం మందికి జీఎస్‌టీఎం1 లేదు. పుదుచ్చేరిలోని జిప్మర్ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు దక్షిణాది రాష్ట్రాల ఆరోగ్యవంతులను పరీక్షించి 2004లో ప్రచురించిన ఫలితాల్లో ఈ లోపం సుమారు 30 శాతం మందిలోనే ఉంది. ఈ ఒక్క విషయంలో దక్షిణ భారతీయులు కొంత మెరుగైన చోట నిలిచారు.

1995లో ఘనా, చైనాల్లో జరిగిన ఒక పరిశోధన ఈ రంగానికి పునాది వేసింది. జీఎస్‌టీఎం1తో పాటు ఎపాక్సైడ్‌ను నీటితో విడగొట్టే ఈపీహెచ్ఎక్స్1 జన్యువును కూడా అందులో చూశారు. ఎంజైము మందగించిన రూపం, హెపటైటిస్ బి ఒకేచోట కలిసినప్పుడు ముప్పు బాగా పెరుగుతుందని తేలింది. భారతదేశంలో చండీగఢ్ పీజీఐ పరిశోధకులు ఇవే జన్యువులను వైరస్ వల్ల కాలేయ క్యాన్సర్ వచ్చిన రోగుల్లో పరిశీలించి 2008లో ప్రచురించారు. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు జీఎస్‌టీ శూన్య రూపాల వల్ల పెరిగే ముప్పు చాలావరకు ఒకటిన్నర రెట్ల లోపే ఉంటోంది.

షాంఘైలో పద్దెనిమిది వేల మందికి పైగా పురుషుల మూత్రాన్ని, రక్తాన్ని దాచి చేసిన అధ్యయనాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉంటే ముప్పు 3.4 రెట్లు, హెపటైటిస్ బి ఒక్కటే ఉంటే 7.3 రెట్లు, రెండూ ఉంటే 59.4 రెట్లు. కారణానికీ జన్యువుకూ ఉన్న దామాషా ఇది.

మిగతా జన్యువులు

కాటలేజ్ జన్యువు ఆరంభ భాగంలో ఒక అక్షరం మార్పు ఎంజైము పరిమాణాన్ని మారుస్తుంది. కాలేయ క్యాన్సర్‌తో దాని సంబంధం నిలకడగా కనిపించలేదు. గ్లుటాథియోన్ పెరాక్సిడేజ్-1లో 198వ స్థానంలో ప్రోలీన్ బదులు లూసీన్ ఉన్నవారి ఎంజైము సెలీనియానికి సరిగా స్పందించదు. ఎన్‌క్యూఓ1లో 187వ స్థానపు మార్పు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే ఆ ఎంజైము దాదాపు పనిచేయదు. ఆక్సీకరణం చెందిన గ్వానీన్‌ను కోసి తీసేసే ఓజీజీ1 జన్యువు యాంటీఆక్సిడెంట్ కాకపోయినా ఈ చర్చలో తరచూ వస్తుంది.

జన్యుపటలం మొత్తాన్ని ఒకేసారి జల్లెడ పట్టే పెద్ద అధ్యయనాలు వచ్చాక చిత్రం మారింది. వాటిలో ముందుకొచ్చింది కొవ్వు కాలేయంతో సంబంధం ఉందని 2008లో డల్లస్‌లో కనుగొన్న పీఎన్‌పీఎల్ఏ3 వంటి కొవ్వు సంబంధ జన్యువులు. మద్యం వల్లనో స్థూలకాయం వల్లనో కాలేయంలో కొవ్వు పేరుకున్నవారిలో దీని 148వ స్థానపు మార్పు క్యాన్సర్ ముప్పును స్పష్టంగా పెంచుతుంది. యాంటీఆక్సిడెంట్ జన్యువులు ఈ జల్లెడల్లో పై వరసలో నిలవలేదు. జీఎస్‌టీఎం1 వంటి పూర్తి లోపాలను ఆ పద్ధతి సరిగా పట్టుకోలేదన్న మినహాయింపు ఉన్నా, తొలినాటి చిన్న అధ్యయనాల ఉత్సాహాన్ని తగ్గించుకోవడం న్యాయం.

ఫలితాలు ఎందుకు కలవవు

ఒక్కో అధ్యయనంలో వంద, రెండు వందల మంది రోగులే ఉండటం మొదటి చిక్కు. రెండోది పోలిక ఎవరితో అన్నది. క్యాన్సర్ రోగులను ఏ జబ్బూ లేని రక్తదాతలతో పోలిస్తే, కనిపించిన తేడా క్యాన్సర్‌దో, అంతకుముందు వచ్చిన సిర్రోసిస్‌దో తేలదు. సిర్రోసిస్ ఉండి క్యాన్సర్ రానివారితో పోల్చడమే సరైన పద్ధతి. బోండీ అధ్యయనాల విలువ అక్కడే ఉంది. సంబంధం కనిపించిన ఫలితాలే పత్రికలకు ఎక్కడం, కనిపించనివి బీరువాల్లో ఉండిపోవడం మూడో చిక్కు. నాలుగోది వంశమూలం.

భాలుబాసా వంటి పేటలో చూస్తే

వంశమూలం సంగతి ఎంత ముఖ్యమో తెలియాలంటే జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ చూడాలి. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు పోసిన నాటి నుంచి ఈ ఊరికి నలుదిక్కుల నుంచీ కూలీలు, మేస్త్రీలు, గుమస్తాలు వచ్చి చేరారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెలుగువారు రైలెక్కి టాటానగర్‌లో దిగి స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నారు. సాక్చీకి, సీతారామ్‌డేరాకు దగ్గర్లోని భాలుబాసా వంటి పేటల్లో తెలుగు, ఒడియా, బెంగాలీ, భోజ్‌పురీ మాట్లాడే ఇళ్ళు, సింహభూమ్ మూలవాసుల ఇళ్ళు ఒకే నల్లా నీళ్ళు తాగుతాయి, ఒకే బజారులో బియ్యం కొంటాయి. జన్యువుల చరిత్ర మాత్రం ఒక్కొక్కరిది ఒక్కోటి.

హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ నుంచి లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏను విశ్లేషించారు. భారతీయుల్లో ఎక్కువమంది రెండు ప్రాచీన మూలాల కలయిక అనీ, ఆ పాళ్ళు సమూహాన్ని బట్టి మారతాయనీ చూపించారు. తరతరాలుగా సొంత కులంలోనే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల కొన్ని అరుదైన జన్యురూపాలు కొన్ని సమూహాల్లో గుమిగూడాయి. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఒక రకం మత్తుమందు పడకపోవడం దీనికి తెలుగునాట తెలిసిన ఉదాహరణ. ముండా భాషలు మాట్లాడే హో, సంథాల్ ప్రజల పితృవంశంలో ఆగ్నేయాసియా మూలాలు ఉన్నాయి. కాబట్టి షాంఘైలోనో పారిస్‌లోనో లెక్కగట్టిన ముప్పును ఈ పేటలో ఒక ఇంటికి అంటగట్టలేం. పక్కింటి లెక్క కూడా ఈ ఇంటికి చెల్లదు.

అందరికీ ఉమ్మడిగా ఉన్నది చుట్టూ ఉన్న పరిస్థితి. వానాకాలం చెమ్మకు బూజు పట్టే నిల్వ గింజలు, బియ్యంతో పులియబెట్టే హండియా, ఇప్పసారా, కొట్లో అమ్మే మద్యం, పాత సూదులు, పురిటిలో తల్లి నుంచి బిడ్డకు పాకే హెపటైటిస్ బి, చక్కెర జబ్బుతో కాలేయంలో చేరే కొవ్వు అన్ని గడపలకూ ఒకటే. మద్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది. తక్కువ ఘాటుదని, ఇంట్లో కాచిందని, ఆచారమని దేనికీ ఇందులో మినహాయింపు లేదు.

కణితి లోపల తలకిందులయ్యే న్యాయం

యాంటీఆక్సిడెంట్ జన్యువులన్నిటినీ అదిలించి లేపే ప్రోటీను ఒకటుంది, పేరు ఎన్ఆర్ఎఫ్2. మామూలు వేళల్లో కీప్1 అనే మరో ప్రోటీను దాన్ని అదుపులో ఉంచుతుంది. ఆరోగ్యవంతమైన కాలేయంలో ఎన్ఆర్ఎఫ్2 మేలు చేస్తుంది. దాన్ని రేపినప్పుడు జంతువులు అఫ్లాటాక్సిన్‌ను తట్టుకుంటాయి. కానీ కొన్ని కాలేయ కణితుల్లో ఈ రెండు జన్యువుల్లో ఏదో ఒకటి మారిపోయి, ఎన్ఆర్ఎఫ్2 ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. అప్పుడు ఆ రక్షణ కవచం క్యాన్సర్ కణానికి దక్కుతుంది. ఆక్సీకరణను, కీమో మందులను తట్టుకునే బలం దానికి వస్తుంది. ఒకే ఎంజైముల బృందం క్యాన్సర్ రాకముందు మనిషి పక్షాన, వచ్చాక కణితి పక్షాన పనిచేస్తుంది.

మాత్రలు మింగితే సరిపోతుందా

ఈ శాస్త్రాన్ని సగం మాత్రమే విన్నవారు యాంటీఆక్సిడెంట్ మాత్రలు అమ్ముతున్నారు, కొంటున్నారు. పెద్ద పరీక్షలు చెప్పింది వేరు. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే పురుషుల మీద జరిగి 1994లో వెలువడిన పరీక్షలో బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. 2011లో అమెరికా పరీక్షలో విటమిన్ ఇ తీసుకున్న పురుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. చైనాలోని లిన్‌షియెన్‌లో విటమిన్లు, సెలీనియం ఇచ్చి దీర్ఘకాలం గమనించినా కాలేయ క్యాన్సర్ మరణాలు మొత్తం మీద తగ్గలేదు. వాపుతో కూడిన కొవ్వు కాలేయం ఉండి, చక్కెర జబ్బు లేనివారిలో కొందరికి వైద్యులు విటమిన్ ఇ రాస్తారు. అది వైద్యుడి పర్యవేక్షణలో చేసే చికిత్స, అందరికీ టానిక్కు కాదు. ఆకుకూరలు, పండ్లు తినడం వేరే సంగతి, దానికి అడ్డు లేదు.

డబ్బు తీసుకుని ఉమ్మి నమూనాతో జన్యువులు చదివి ముప్పు చెబుతామనే పరీక్షలదీ ఇదే కథ. జీఎస్‌టీఎం1 లేదని తెలిసినంత మాత్రాన వైద్యుడు మార్చే చికిత్స ఏదీ లేదు. ఆ డబ్బుకు హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకోవడం ఎన్నో రెట్లు మేలు.

నిజంగా పనిచేసేవి

తైవాన్ 1984లో నవజాత శిశువులకు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టింది. ఆ తరం పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గిందని 1997లో లెక్కలతో సహా వెల్లడైంది. ఒక టీకా క్యాన్సర్‌ను ఆపగలదనడానికి ఇది తొలి రుజువు. అదే 1997లో హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ భారతదేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా శాన్‌వ్యాక్-బిని విడుదల చేసింది. దిగుమతి టీకాల ధర భరించలేని మధ్యతరగతికి, ఆ తర్వాత ప్రభుత్వ పథకాలకు అది దారి తెరిచింది. 2011లో ఈ టీకా దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో చేరింది. 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలై పరీక్షలు, మందులు ఉచితంగా అందే ఏర్పాటు జరిగింది. హెపటైటిస్ సిని నయంచేసే సోఫోస్బువిర్ మందును 2015లో హైదరాబాదు సంస్థ నాట్కో తక్కువ ధరకు తెచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ వేరుశనగలో అఫ్లాటాక్సిన్‌ను పసిగట్టే చౌక పరీక్షలు రూపొందించింది. జన్యు పరిశోధనల ప్రచురణలన్నీ కలిపి కాపాడిన ప్రాణాల కంటే ఈ పనులు కాపాడినవి ఎక్కువని సందేహం లేకుండా చెప్పవచ్చు.

సిర్రోసిస్ ఉన్నవారు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటే క్యాన్సర్ చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. జంషెడ్‌పూర్‌లో 1908 నాటి టాటా మెయిన్ హాస్పిటల్, 1961లో వచ్చిన ఎంజీఎం వైద్య కళాశాల, 1975లో ప్రారంభమైన మెహర్‌బాయి టాటా స్మారక క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. అంటే దూరం పెద్ద అడ్డంకి కాదు. కామెర్లు కనిపించగానే పసరు మందు కోసం వారాలు గడపడమే ఇక్కడైనా, శ్రీకాకుళంలోనైనా చాలామందికి నష్టం చేస్తోంది.

పుట్టిన బిడ్డకు హెపటైటిస్ బి సోకితే పదిమందిలో తొమ్మిది మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. అందుకే కాన్పయిన 24 గంటల లోపు తొలి టీకా పడిందో లేదో ఆసుపత్రి కార్డులో చూసుకోండి. పెద్దవాళ్ళు ఒక్కసారైనా హెపటైటిస్ బి, సి రక్తపరీక్షలు చేయించుకోండి. ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉందని తేలితే మిగతా అందరూ పరీక్ష చేయించుకుని, వైరస్ లేనివారు టీకా వేయించుకోవాలి.